మట్టిలో కలిసిపోయే క్యాట్ లిట్టర్ మంచిదేనా? పాలమూరు, నల్లగొండలో పిల్లిని పెంచేవాళ్లు తెలుసుకోవాల్సిన లాభనష్టాలు ఇవే

ఇంట్లో పిల్లి ఉంటే లిట్టర్ ట్రే తప్పదు. ఒకప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఈ తిప్పలే లేవు. పిల్లి పెరట్లోకో, పొయ్యి బూడిద పోసిన కుప్ప దగ్గరికో వెళ్లి పని కానిచ్చుకుని, కాళ్లతో పూడ్చేసి వచ్చేది. ఇప్పుడు పట్టణాల్లో పెరడు లేదు, వాకిలి కూడా గచ్చే. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న పర్షియన్ పిల్లి అయినా, వీధిలో దొరికిన నాటు పిల్లి అయినా నాలుగు గోడల మధ్యే ఉంటోంది. దాంతో బయట నుంచి లిట్టర్ కొనక తప్పడం లేదు.

ఈ మధ్య ఆ ప్యాకెట్ల మీద ఓ మాట ఎక్కువగా కనిపిస్తోంది. అదే 'బయోడీగ్రేడబుల్'. అంటే మట్టిలో కలిసిపోయేది. మొక్కల నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అని చాలామంది కొనేస్తున్నారు. ఈ లిట్టర్ వల్ల లాభాలున్న మాట నిజమే. కానీ ఆ పేరు లిట్టర్‌కు మాత్రమే వర్తిస్తుంది, అందులో పడిన పిల్లి మలానికి కాదు. ఈ తేడా తెలియక వాడేసిన లిట్టర్‌ను కూరగాయల మడిలోనో, పెంట మీదనో వేస్తే ఇంట్లో గర్భిణులకు, ఊళ్లో గొర్రెలకు కూడా ముప్పే. ఏది కొనాలి, ఎలా వాడాలి, ఎక్కడ పారేయాలి అన్న పూర్తి వివరాలు ఇవి.

అసలు లిట్టర్ ఎలా మొదలైంది?

1947 వరకు ప్రపంచంలో ఎక్కడైనా పిల్లి ట్రేలో బూడిద, ఇసుక, రంపపు పొట్టే వేసేవాళ్లు. ఆ ఏడాది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లో అనే వ్యాపారి, తేమను పీల్చే ఒక రకం మట్టిని పిల్లుల కోసం అమ్మడం మొదలుపెట్టాడు. 1984లో థామస్ నెల్సన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త బెంటోనైట్ మట్టిని ఎండబెట్టి చూస్తే, మూత్రం పడిన చోట అది గట్టి ఉండలా మారింది. ఆ ఉండను మాత్రం తీసేస్తే చాలు, మిగతాది మళ్లీ వాడుకోవచ్చు. ఇప్పటికీ మార్కెట్‌లో ఎక్కువగా నడిచేది ఈ ఉండకట్టే మట్టి లిట్టరే.

మన దేశంలో బెంటోనైట్ ఎక్కువగా గుజరాత్‌లోని కచ్ ప్రాంతం నుంచి, రాజస్థాన్‌లోని బాడ్మేర్ వైపు నుంచి వస్తుంది. కచ్ నుంచి పాలమూరుకు వెయ్యి కిలోమీటర్లకు పైనే. గనిలో తవ్వి, ఎండబెట్టి, పొడి చేసి, లారీల్లో అంత దూరం తెచ్చిన మట్టి వారం పది రోజుల్లో చెత్తబుట్టలోకి పోతుంది. అది కుళ్లదు, కాలదు, తగ్గదు. డంపింగ్ యార్డులో ఎంత పోస్తే అంతా అలాగే ఉంటుంది. మొక్కల నుంచి చేసిన లిట్టర్‌కు గిరాకీ రావడానికి మొదటి కారణం ఇదే.

బయోడీగ్రేడబుల్ లిట్టర్‌లో ఏముంటుంది?

మార్కెట్‌లో కనిపించేవి ముఖ్యంగా ఇవి.

• టోఫు లిట్టర్: సోయా పాలు తీశాక మిగిలే పిప్పితో చేసిన సన్నటి గుళికలు. ఉండకడుతుంది. మన దగ్గర అమ్మే వాటిలో చైనాలో తయారైనవి చాలానే ఉంటాయి.

• కట్టె గుళికలు: రంపపు పొట్టును వేడితో, ఒత్తిడితో గట్టిగా అదిమి చేసినవి. తడి తగలగానే విడిపోయి పొడి అవుతాయి. వీటికి కింద జల్లెడ ఉన్న రెండంతస్తుల ట్రే అయితే బాగుంటుంది.

• మక్కజొన్న, గోధుమ, కర్రపెండలం లిట్టర్: వీటిలోని పిండి పదార్థం తడికి జిగురులా పనిచేసి ఉండ కడుతుంది.

• కాగితం గుళికలు: పాత కాగితాన్ని నానబెట్టి చేసినవి. మెత్తగా ఉంటాయి. ఆపరేషన్ అయిన పిల్లులకు డాక్టర్లు తరచుగా చెప్పేది ఇదే.

మెరిసే స్ఫటికాల్లా ఉండే సిలికా జెల్ లిట్టర్ ఈ కోవలోకి రాదు. తేలిగ్గా ఉన్నా అది మట్టిలో కలవదు.

లాభాలు ఏంటి?

మొదటిది, బరువు తక్కువ. మూడో అంతస్తుకు మట్టి లిట్టర్ సంచి మోయడం, మళ్లీ చెత్తగా కిందకు దించడం పెద్దవాళ్లకు కష్టం. మొక్కల లిట్టర్ చాలావరకు అంతకంటే తేలిగ్గా ఉంటుంది.

రెండోది, దుమ్ము. మట్టి లిట్టర్ పోసేటప్పుడు లేచే సన్నటి ధూళిలో స్ఫటిక రూపంలోని సిలికా ఉండొచ్చు. ఉబ్బసం ఉన్న మనుషులకు, పిల్లులకు అది మంచిది కాదు. టోఫు, కాగితం, మంచి కట్టె గుళికల్లో దుమ్ము తక్కువ.

మూడోది, పిల్లి పిల్లల భద్రత. చిన్న పిల్లలు ట్రేలో ఉన్నదాన్ని నాకి, నమిలి చూస్తాయి. ఉండకట్టే బెంటోనైట్ నీళ్లు తగిలితే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. అది కడుపులోకి పోతే పేగుల్లో అడ్డుపడే ప్రమాదం ఉంది. రెండు మూడు నెలలు నిండే వరకు ఉండకట్టని కాగితం, కట్టె గుళికలు వాడటం మేలు.

నాలుగోది, చెత్త భారం. సరైన పద్ధతిలో పారేస్తే ఇది కొన్ని నెలల్లో మట్టి అవుతుంది. పైగా పంట వ్యర్థాలకు ఓ ఉపయోగం దొరుకుతుంది.

నష్టాలు కూడా తక్కువేం కాదు

వాసన: పిల్లి మూత్రంలోని యూరియాను బాక్టీరియా విడగొట్టినప్పుడు అమ్మోనియా ఘాటు పుడుతుంది. ఉండను రోజూ తీయకపోతే మొక్కల లిట్టర్‌లో ఈ వాసన త్వరగా వస్తుంది. ఆపరేషన్ చేయించని మగ పిల్లి ఉన్న ఇంట్లో ఏ లిట్టర్ అయినా ఓడిపోతుంది. అక్కడ ముందు చేయించాల్సింది ఆపరేషనే.

బూజు, పురుగు: ఇది తినే సరుకు లాంటిదే. వానాకాలంలో సంచి తెరిచి పెడితే బూజు పడుతుంది. మక్కజొన్న, గోధుమ లిట్టర్‌కు బియ్యంలో పట్టినట్టే పురుగు పడుతుంది. చీమలు, ఎలుకలు కూడా వస్తాయి. మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి పెట్టుకోవాల్సిందే.

పిల్లికి నచ్చకపోవడం: పెంపుడు పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవి పిల్లులు. అందుకే చాలా పిల్లులు సన్నటి ఇసుక లాంటి దానినే ఇష్టపడతాయి. లావు గుళికలు కాళ్లకు గుచ్చుకున్నట్టు అనిపిస్తే ట్రే వదిలేసి పరుపు మీదనో, బట్టల మీదనో పోస్తాయి.

జబ్బు కనిపెట్టడం కష్టం: మట్టి లిట్టర్‌లో రోజుకు ఎన్ని ఉండలు వచ్చాయో లెక్క తెలుస్తుంది. ఉండకట్టని లిట్టర్‌లో పిల్లి మూత్రం పోసిందో లేదో కూడా తెలియదు. మగ పిల్లికి మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. ట్రేలో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే తెల్లవారేదాకా ఆగొద్దు. వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

ధర: కిలో లెక్కన చూస్తే టోఫు లాంటివి మట్టి కంటే ఖరీదే. అయితే కిలో లెక్క ఇక్కడ సరిపోదు. సంచి ధరను అది ఎన్ని రోజులు వచ్చిందో దానితో భాగించాలి. రోజుకు ఎంత పడిందన్నదే అసలు లెక్క.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

పిల్లి మలంలో టాక్సోప్లాస్మా గోండీ అనే పరాన్నజీవి ఉండొచ్చు. ఎలుకలను, పచ్చి మాంసాన్ని తిన్న పిల్లికి ఇది సోకుతుంది. సోకిన పిల్లి సాధారణంగా జీవితంలో ఒకసారి, అదీ ఒకటి నుంచి మూడు వారాల పాటు, కంటికి కనిపించని గుడ్ల లాంటి వాటిని లక్షల సంఖ్యలో మలంలో వదులుతుంది. అవి బయటపడిన వెంటనే హాని చేయవు. 1 నుంచి 5 రోజుల్లో పక్వానికి వచ్చి, అప్పుడు అంటుకునే శక్తి తెచ్చుకుంటాయి. ఆ తర్వాత తేమ ఉన్న మట్టిలో నెలల తరబడి బతికి ఉంటాయి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలామందికి ఇది సోకినా తెలియకుండానే పోతుంది. గర్భిణికి మొదటిసారి సోకితే మాత్రం కడుపులోని బిడ్డకు చేరి గర్భస్రావానికి, బిడ్డ కళ్లు, మెదడు దెబ్బతినడానికి దారితీయొచ్చు. అలాగని పిల్లిని ఇంట్లోంచి వెళ్లగొట్టాల్సిన పని లేదు. ట్రేను ఇంట్లో ఇంకొకరు శుభ్రం చేయాలి. ఎవరూ లేకపోతే చేతి తొడుగులు వేసుకుని చేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రోజూ శుభ్రం చేస్తే ఆ గుడ్లు పక్వానికి రాకముందే బయటకు పోతాయి. మాంసం బాగా ఉడికించి తినడం, ఆకుకూరలు కడగడం కూడా అంతే ముఖ్యం. ఎందుకంటే ఈ జబ్బు ట్రే కంటే ఆ దారుల్లోనే ఎక్కువగా వస్తుంది.

గొర్రెల సంగతి కూడా చూడాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణ. వాటి సంఖ్య దాదాపు 1.9 కోట్లు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో గొల్ల కురుమలకు అదే బతుకుదెరువు. సూడి గొర్రె, సూడి మేక ఈ పరాన్నజీవి ఉన్న మేతో, నీళ్లో తీసుకుంటే ఈసుకుపోయే ప్రమాదం ఉంది. చచ్చిన పిల్లలు పుట్టొచ్చు. కాబట్టి పిల్లి లిట్టర్‌ను పశువుల పెంట మీద వేసి, ఆ ఎరువును చేలో చల్లడం, గడ్డివాము పక్కన పారబోయడం మంచి పద్ధతి కాదు. మట్టిలో కలిసే లిట్టర్ అయినా సరే, అందులోని మలం మాత్రం ప్రమాదకరమే.

మరి ఎక్కడ పారేయాలి?

టాయిలెట్‌లో వేయొద్దు. కొన్ని ప్యాకెట్ల మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉంటుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ లాంటి పట్టణాల్లో చాలా ఇళ్లకు ఉన్నది సెప్టిక్ ట్యాంకే. కట్టె, సోయా పిప్పి అందులో చేరితే ట్యాంకు త్వరగా నిండుతుంది. పైపుల్లో ఉబ్బి అడ్డం పడుతుంది. ప్రతిసారీ నీళ్లు వృథా. మురుగునీటి శుద్ధిలో కూడా టాక్సోప్లాస్మా గుడ్లు తేలిగ్గా చావవు. అమెరికాలో కాలిఫోర్నియా తీరంలోని సముద్రపు ఓటర్లు ఈ పరాన్నజీవితో చనిపోతుండటంతో, లిట్టర్‌ను టాయిలెట్‌లో, బయట కాల్వల్లో వేయొద్దని ప్యాకెట్ మీద రాయాలంటూ ఆ రాష్ట్రం 2006లో చట్టమే చేసింది.

తడి చెత్త డబ్బాలో కలపొద్దు. తడి చెత్త నుంచి కంపోస్టు తయారవుతుంది. పల్లె ప్రగతి కింద గ్రామాల్లో కట్టిన షెడ్లలో తయారయ్యే ఎరువు నర్సరీ మొక్కలకు వెళ్తుంది. ఆ కుప్ప లోపలి దాకా బాగా వేడెక్కితే తప్ప ఈ గుడ్లు చావవు. ఇంటి కంపోస్టు డబ్బాలో ఆ వేడి రానే రాదు. చేతులతో ఎరువు తిప్పేవాళ్లు కూలీలే అన్న సంగతి మరవొద్దు.

విడిగా కట్టి ఇవ్వండి. రోజూ తీసిన మలాన్ని, ఉండలను పాత పేపర్లో చుట్టి, విడి సంచిలో కట్టి, పిల్లి చెత్త అని చెప్పి చెత్త బండికి ఇవ్వడం మంచిది. డైపర్లను ఎలా విడిగా చుట్టి ఇస్తారో ఇదీ అంతే. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. మందపాటి ప్లాస్టిక్ కవర్లో కట్టి పారేస్తే, మట్టిలో కలిసిపోయే లిట్టర్ కూడా ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోతుంది. గాలి తగలకుండా పూడిపోతే మీథేన్ వాయువు పుడుతుంది. అందుకే ఎక్కువ ధర పెట్టి కొన్న లాభం దక్కాలంటే కాగితం లేదా మట్టిలో కలిసే సంచి వాడాలి.

స్థలం ఉంటే పూడ్చొచ్చు. సొంత జాగా ఉన్నవాళ్లు బోరు, బావి, కూరగాయల మడికి దూరంగా రెండు అడుగుల లోతు గుంత తీసి, వేసిన ప్రతిసారీ పైన మట్టి కప్పాలి. పైన రాయి పెడితే కుక్కలు తవ్వవు. మొరం నేలలో తవ్వడం కష్టమే కాబట్టి వానలు పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడే గుంత సిద్ధం చేసుకుంటే మేలు. మలం తీసేశాక మిగిలిన, మూత్రం మాత్రమే పీల్చిన కట్టె పొడిని కూడా తినే మొక్కలకు వేయకుండా దూరంగా ఉన్న నీడ చెట్ల కింద పూడ్చడం మంచిది.

ఊక, పల్లీ పొట్టు పనికొస్తాయా?

ఈ రెండు జిల్లాల్లో చాలామందికి వచ్చే అనుమానం ఇదే. చుట్టూ ఇంత పంట వ్యర్థం ఉంటే ప్యాకెట్ ఎందుకు కొనాలి? ఒక్కోదాని సంగతి ఇది.

వరి ఊక: మిర్యాలగూడ పేరు చెబితేనే రైస్ మిల్లులు గుర్తొస్తాయి. క్వింటాలు వడ్లు ఆడిస్తే దాదాపు 20 కిలోల ఊక వస్తుంది. అందులో చాలావరకు మిల్లు బాయిలర్లకే పోతుంది. మిగతాది కోళ్ల ఫారాల్లో కింద పరుస్తారు. అయితే ఊక పైపొరలో సిలికా, మైనం లాంటి పదార్థం ఉంటాయి. దాంతో నీళ్లు త్వరగా పీల్చుకోదు. మూత్రం కిందకు జారి ట్రే అడుగున నిలుస్తుంది. కోళ్ల ఫారంలో తడిసిన ఊక గడ్డకట్టి అమ్మోనియా ఘాటు కొట్టేది ఇందుకే. పిల్లి ట్రేలో వాడాలంటే జల్లించి దుమ్ము తీసి, కింద పేపర్ వేసి, రోజూ మొత్తం మార్చాలి. మిల్లులో మెత్తగా ఆడించిన ఊక కాస్త మెరుగ్గా పీలుస్తుంది కానీ దుమ్ము ఎక్కువ.

పల్లీ పొట్టు: వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగిలో పల్లీ పంట ఎక్కువ. పొట్టు ఊక కంటే బాగా తడి పీలుస్తుంది. కానీ నిల్వ సరిగా లేకపోతే బూజు పడుతుంది. పల్లీకి పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నల్లబడినా, ముక్క వాసన వచ్చినా వాడొద్దు.

మక్క బెండ్లు: పొడి చేస్తే బాగానే పీలుస్తాయి. ఎండబెట్టి, సన్నగా ఆడించగలిగితే ఇంట్లో చేసుకోవడానికి అన్నిటికంటే ఇదే నయం. పురుగు పట్టకుండా చూసుకోవాలి. కుక్క ఉన్న ఇంట్లో జాగ్రత్త. పెద్ద ముక్కలు మింగితే పేగుల్లో అడ్డుపడతాయి.

రంపపు పొట్టు: సామిల్లులో తేలిగ్గా దొరుకుతుంది. మామూలు కట్టెదే అయ్యుండాలి. ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు రసాయనాలు, చెదల మందు పట్టించిన కట్టె పొట్టులో విషం ఉంటాయి. ఏ కట్టెదో తెలియకపోతే తీసుకోకపోవడమే మంచిది.

ఆముదం పిండి, ఆముదం పొట్టు: వీటి జోలికే వెళ్లొద్దు. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ ఆముదం సాగుకు పేరున్న జిల్లాలు. గానుగ ఆడాక మిగిలే పిండిని ఎరువుగా అమ్ముతారు. అందులో రైసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. పిల్లి కాళ్లు నాక్కుంటుంది కాబట్టి కొద్దిగా అంటినా ప్రమాదమే.

ఇసుక, బూడిద: ఇసుక ఉండకట్టదు, బరువెక్కువ, వాసన ఆపదు. చల్లారిన కట్టె బూడిద వాసన తగ్గిస్తుంది కానీ తడిస్తే కాళ్లను మండిస్తుంది. ట్రేలో ఒక్క బూడిదే పోయడం సరికాదు.

మార్చాలనుకుంటే ఇలా చేయండి

• ఒక్కసారిగా మార్చొద్దు. పాత లిట్టర్‌లో కొత్తది నాలుగో వంతు కలిపి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి.

• వీలైతే రెండు ట్రేలు పెట్టి, ఒకదానిలో పాతది, ఇంకోదానిలో కొత్తది వేయండి. ఏది కావాలో పిల్లే చెబుతుంది. ఎన్ని పిల్లులుంటే దానికి ఒకటి ఎక్కువ ట్రే ఉండటం మంచి లెక్క.

• ఉండకట్టే రకం రెండు అంగుళాల లోతు వేయాలి. కట్టె గుళికలు తడికి ఉబ్బుతాయి కాబట్టి అందులో సగం చాలు.

• మలం, ఉండలు రోజుకు కనీసం ఒకసారి తీయాలి. వారానికోసారి ట్రే ఖాళీ చేసి వేడినీళ్లు, సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. ఫినాయిల్ వాడొద్దు. ఫినాయిల్ రకం మందులు పిల్లులకు విషం.

• ఘాటైన సెంటు కలిపినవి కొనొద్దు. మనిషికి బాగున్నా పిల్లి ముక్కుకు భరించలేనంత ఉంటుంది.

• పిల్లి ట్రే మానేసినా, మూత్రంలో రక్తం కనిపించినా ముందు లిట్టర్‌ను తిట్టుకోకుండా డాక్టర్‌కు చూపించాలి.

ఎవరికి ఏది సరిపోతుంది?

అపార్ట్‌మెంట్‌లో ఒకే పిల్లి ఉండి, రోజూ శుభ్రం చేసే వీలుంటే టోఫు లేదా మక్కజొన్న లిట్టర్ బాగానే నడుస్తుంది. ఖర్చు తగ్గాలంటే జల్లెడ ట్రేతో కట్టె గుళికలు నయం. పిల్లి పిల్లలకు, ఆపరేషన్ అయిన పిల్లికి కాగితం గుళికలు. మూత్ర సమస్య ఉన్న మగ పిల్లి ఉంటే, లెక్క తెలిసేలా ఉండకట్టే రకమే వాడాలి. అది మట్టిదైనా పర్వాలేదు, పిల్లి ప్రాణం ముందు. గర్భిణి ఉన్న ఇంట్లో ఏ లిట్టర్ వాడినా, ట్రే పని ఇంకొకరు చేయడమే ముఖ్యం.

ఇక ఎలాంటి లిట్టర్ కొన్నా కూరగాయల మడి, పశువుల పెంట, టాయిలెట్, చెరువు కాల్వ, ఈ నాలుగు చోట్లా మాత్రం వేయకూడదు.